ధ్రువాల మంచు: ఎత్తు వేరు, తూకం వేరు

మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో కొంతకాలంగా ఒకే వార్త మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అంటార్కిటికాలో మంచు తగ్గడం లేదు, పెరుగుతోంది అన్నది దాని సారాంశం. ఆ వార్త కింద ఒకరు ‘అయితే ఇన్నేళ్లూ మనల్ని భయపెట్టిందంతా ఉత్తదేనా?’ అని అడిగితే, మరొకరు ‘ఇదెవరో డబ్బిచ్చి రాయించిన రాత’ అని కొట్టిపారేశారు. నిజానికి ఆ వార్తకు మూలమైన పరిశోధన గట్టిదే. షాంఘైలోని టోంగ్జీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2025లో ప్రచురించిన పత్రం ప్రకారం, 2011 నుంచి 2020 వరకు ఏటా సగటున 142 గిగాటన్నుల మంచును కోల్పోయిన అంటార్కిటికా, 2021 నుంచి 2023 వరకు ఏటా 108 గిగాటన్నుల చొప్పున కూడగట్టుకుంది. ఈ అంకెలను నమ్మాలా వద్దా అని వాదించుకునే ముందు, వాటిని దేనితో కొలిచారో, దేన్ని ఆధారంగా పెట్టుకుని కొలిచారో చూడాలి. ఉద్యోగకాలమంతా కాలువల వెంట లెవెల్స్, అంటే నేల ఎత్తుల కొలతలు, తీసినవాణ్ణి కనుక, ఎవరు ఏ ఎత్తు చెప్పినా ‘బెంచిమార్కు ఎక్కడ?’ అని, అంటే ఆ ఎత్తును పోల్చి చూసిన కదలని గుర్తు ఏదని, అడగడం నాకు అలవాటు. ధ్రువప్రాంతాల్లో మంచూ కదులుతుంది, మంచు కింది నేలా కదులుతుంది కాబట్టి అక్కడ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

లెక్క సూత్రం మాత్రం చాలా సులువైనది. హిమానీనదం మీద ఏడాది పొడవునా కురిసి నిలిచిన మంచు రాబడి. కరిగి పారిపోయినది, గాలికి ఎగిరిపోయినది, నేరుగా ఆవిరైపోయినది, అంచున విరిగి సముద్రంలో పడినది ఖర్చు. రాబడిలోంచి ఖర్చు తీసివేస్తే వచ్చేదాన్ని ద్రవ్యరాశి సంతులనం అంటారు. ఒక్కొక్క హిమానీనదానికైతే దీన్ని నీటి మందంలో, అంటే సగటున ఇన్ని మీటర్ల నీటికి సమానమని చెబుతారు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా వంటి విశాలమైన మంచు ఫలకాలకు గిగాటన్నుల్లో చెబుతారు. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు, నీటి రూపంలో చూస్తే ఒక ఘన కిలోమీటరు. ప్రపంచ సముద్రాల విస్తీర్ణం సుమారు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు కనుక, వాటి మట్టం ఒక్క మిల్లీమీటరు పెరగాలంటే దాదాపు 360 గిగాటన్నుల నీరు వచ్చి చేరాలి.

చిక్కంతా ఆ తీసివేతలోనే ఉంది. అంటార్కిటికా నేల మీది మంచుపై ఏటా సుమారు 2,000 గిగాటన్నుల మంచు కురుస్తుంది. దాదాపు అంతే మంచు నెమ్మదిగా జరిగి సముద్రంలోకి చేరుతుంది. ఇంత పెద్ద సంఖ్యలు రెండింటిని ఒకదానిలోంచి మరొకటి తీసేసినప్పుడు మిగిలే వంద, నూట యాభై గిగాటన్నుల తేడా కోసమే ఇన్ని ఉపగ్రహాలు, ఇన్ని వాదోపవాదాలు. కురిసిన మంచును అంచనా వేయడంలో నూటికి ఐదు వంతుల పొరపాటు జరిగినా చాలు, లాభం నష్టంగా కనిపించవచ్చు, నష్టం లాభంగా కనిపించవచ్చు.

ముందుగా, మనిషి కాలినడకన వెళ్లి చేసే కొలత సంగతి చెబుతాను. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన, నీ-ఒలేసుండ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరైన అది ఇప్పుడు పూర్తిగా పరిశోధకుల ఊరు. మన దేశపు హిమాద్రి కేంద్రం కూడా 2008 నుంచి అక్కడే నడుస్తోంది. ఆ ఊరికి దగ్గరలోని ఆస్ట్రె బ్రోగర్‌బ్రీన్ అనే హిమానీనదాన్ని 1967 నుంచి, దాని పొరుగున ఉన్న మిడ్‌ట్రె లోవెన్‌బ్రీన్‌ను 1968 నుంచి నార్వే ధ్రువ పరిశోధన సంస్థవారు ఏటా క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. ధ్రువప్రాంతంలో ఇంత పొడవైన, తెగని కొలతల వరుసలు చాలా అరుదు.

పని జరిగే తీరు ఇది. వేడి ఆవిరిని చిమ్మే సన్నని గొట్టంతో మంచులో లోతైన రంధ్రం చేసి, అందులో కొన్ని మీటర్ల పొడవున్న లోహపు కడ్డీని దించుతారు. హిమానీనదం దిగువ నుంచి ఎగువ దాకా నడిమి గీత వెంట ఇలాంటి కడ్డీలను వరుసగా పాతుతారు. చలికాలపు మంచు పూర్తిగా పేరుకున్నాక, ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో ఒకసారి, వేసవి కరుగుదల ముగిశాక సెప్టెంబరులో మరొకసారి వెళ్లి, కడ్డీ ఎంత బయటికి కనిపిస్తోందో చూస్తారు. దిగువ భాగంలో గట్టి మంచు మీద నిలిచిన కడ్డీ ఒకటిన్నర మీటర్లు ఎక్కువగా బయటపడిందంటే, అక్కడ ఒకటిన్నర మీటర్ల గట్టి మంచు పోయినట్టు. గట్టి మంచు సాంద్రత నీటిలో పదింట తొమ్మిది వంతులు కనుక అది 1.35 మీటర్ల నీటికి సమానం. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఎగువ భాగంలో అంత సులువుగా తేలదు. అక్కడ కడ్డీ బయటపడదు, మునుగుతుంది. ఒక మీటరు మునిగిందని తెలిసినంత మాత్రాన ఎంత బరువు చేరిందో తెలియదు. అందుకే గొయ్యి తవ్వుతారు. పోయిన వేసవి ఉపరితలం దుమ్ముపట్టి, కరిగి మళ్లీ గడ్డకట్టిన గట్టి పొరగా తగిలేదాకా తవ్వి, గొయ్యి గోడ వెంట పైనుంచి కిందికి, కొలత తెలిసిన గొట్టంతో మంచును అంచెలంచెలుగా తీసి, ఒక్కొక్క ముక్కనూ స్ప్రింగు త్రాసుకు తగిలించి తూస్తారు. చేతి తొడుగులు తీయకుండా ఆ చిన్న అంకెలను పుస్తకంలో రాసుకోవాలి, తెల్ల ఎలుగుల భయంతో తుపాకి దగ్గర పెట్టుకోవాలి. అన్ని చోట్లా గోతులు తవ్వలేరు కాబట్టి మిగతా చోట్ల పొడవాటి చువ్వను మంచులోకి దించి, గట్టి పొర తగిలే లోతును మాత్రం నమోదు చేస్తారు. స్వాల్‌బార్డ్‌లో ఈ చువ్వకు దొరకని దొంగ ఒకటుంది. వేసవి మొదట్లో కరిగిన నీరు కిందికి దిగి, లోపలి అతిశీతలమైన మంచును తాకి అక్కడే గడ్డకడుతుంది. అది పోయిన నీరు కాదు, హిమానీనదంలోనే నిలిచిన నీరు. అయినా పైనుంచి చువ్వతో చూసేవారికి అది పాత మంచుతో కలిసిపోయి కనబడకుండా పోతుంది. దాన్ని లెక్కలోకి తేవాలంటే కడ్డీ కొలతలనూ గోతులనూ కలిపి చూడాలి.

ఇంత శ్రమపడి చేసిన కొలతల్లో ఆ రెండు చిన్న హిమానీనదాలూ దాదాపు ప్రతి ఏడాదీ నష్టాన్నే చూపించాయి. అయితే ప్రపంచంలో రెండు లక్షలకు పైగా హిమానీనదాలున్నాయి. కడ్డీలు పాతి కొలిచినవి వాటిలో కొన్ని వందలకు మించవు. పైగా సముద్రంలోకి విరిగిపడే మంచును కడ్డీ చూడలేదు. 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల అంటార్కిటికాలో కడ్డీలు పాతుకుంటూ పోవడం అయ్యే పని కాదు. అక్కడ కడ్డీ లేకుండానే పేరుకుదల ఎంత జరుగుతుందో మనవాళ్లకు ఒకసారి అనుభవంలోకి వచ్చింది. 1983-84లో తేలే మంచు అరుగు మీద కట్టిన మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి కొన్నేళ్లలోనే మంచులో కూరుకుపోయి, 1990లో మూతపడింది. తర్వాతి కేంద్రాలైన మైత్రి, భారతిలను మంచు లేని రాతినేల మీద కట్టారు.

గోతిలో తూచిన మంచు సంగతికి మళ్లీ వస్తాను. నా దృష్టిలో ఈ శాస్త్రమంతటికీ అసలు పునాది అదే, దాన్ని వేసినవాడు ఎర్న్‌స్ట్ జోర్గె. ఖండాల చలన సిద్ధాంతంతో మనకు తెలిసిన ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ 1930లో గ్రీన్‌లాండ్‌కు నడిపిన యాత్రలో ఈయన ఒక సభ్యుడు. పడమటి తీరానికి 400 కిలోమీటర్ల లోపల, సుమారు 3,000 మీటర్ల ఎత్తున, మంచు ఫలకం నడిబొడ్డున ఐస్‌మిట్టె అనే మకాం వేశారు. అక్కడికి గుడారాలు, సామగ్రి అనుకున్నంత చేరకపోవడంతో జోర్గె, గేయోర్గి, లోవె అనే ముగ్గురు మంచులోనే గుహ తవ్వుకుని చలికాలం గడిపారు. లోవె కాలివేళ్లు మంచుకు చచ్చుబడిపోతే తోటివాళ్లు జేబుకత్తితోనే వాటిని తీసేయాల్సి వచ్చింది. వారికి సాయంగా వచ్చిన వేగెనర్ నవంబరు 1న, తన యాభయ్యవ పుట్టినరోజున, తిరుగు ప్రయాణమై దారిలోనే చనిపోయాడు. ఆ చలికాలంలో జోర్గె తమ గుహ నుంచి కిందికి సుమారు పదిహేను మీటర్ల లోతు గొయ్యి తవ్వి, ఒక్కో లోతులో మంచు ఎంత బిగిసి ఉందో తూచి రాసుకున్నాడు.

ఆ కొలతల నుంచి తేలిన సూత్రాన్ని ఇప్పటికీ జోర్గె నియమం అనే పిలుస్తారు. ఒకచోట మంచు కురిసే తీరు, చలి ఏళ్ల తరబడి మారకుండా ఉంటే, ఉపరితలం నుంచి ఇంత లోతున ఇంత సాంద్రత అన్న వరుస కూడా మారదు. పైన కొత్త పొర చేరుతూ ఉంటే, ఆ బరువుకు కింది పొరలు అదే లెక్కన అణుగుతూ పోతాయి. ధ్రువాల్లో గాలికి బిగిసిన పై మంచు ఘనపు మీటరుకు 350 కిలోల దగ్గర ఉంటే, లోతుకు వెళ్లేకొద్దీ పెరిగి, గాలి బుడగలు మూసుకుపోయే చోట 830 కిలోలకు, చివరికి 900 దాటిన గట్టి మంచుకు చేరుతుంది. ఈ నడిమి దశలోని మంచును ఫిర్న్ అంటారు. అంటార్కిటికా లోపలి ప్రాంతాల్లో దాని మందం వంద మీటర్ల దాకా ఉంటుంది. అంటే అక్కడ మంచు ఫలకం పైభాగమంతా ఇంకా అణుగుతూ ఉన్న సరుకే. ధాన్యాన్ని కుంచంతో కొలిచి కొన్నవాడికీ కాటాలో తూచి కొన్నవాడికీ లెక్కల్లో ఎంత తేడా వస్తుందో, ఎత్తు కొలిచే ఉపగ్రహానికీ బరువు చూసే ఉపగ్రహానికీ అంత తేడా రావడానికి కారణం ఈ ఫిర్నే.

ఎత్తు కొలిచేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి రాడార్ తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం చూస్తుంది. 1991లో ఐరోపావారి ఈఆర్‌ఎస్-1తో ఈ వరుస మొదలై, 2010 ఏప్రిల్‌లో ఎగసిన క్రయోశాట్-2 దాకా వచ్చింది. దీనికి ముందుదైన మొదటి క్రయోశాట్ 2005లో ప్రయోగంలోనే కూలిపోయింది. మన వంతు కూడా ఇందులో ఉంది. ఇస్రో, ఫ్రెంచి అంతరిక్ష సంస్థ కలిసి తయారుచేసిన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. అప్పటికి ఏడాది ముందు మూగబోయిన ఐరోపా ఉపగ్రహం ఎన్విశాట్ తిరిగిన బాటలోనే తిరిగి, తెగిపోయిన కొలతల వరుసను అది కలిపింది. సరళ్ వాడిన తరంగం మిగతా రాడార్ల తరంగం కన్నా పొట్టిది. అందువల్ల మంచులోకి తక్కువ లోతు దిగి, ఉపరితలానికి దగ్గర నుంచే తిరిగి వస్తుంది.

ఆ చొచ్చుకుపోయే గుణమే రాడార్ కొలతకు పెద్ద తలనొప్పి. పొడి మంచులో రాడార్ తరంగం కొంత లోపలికి దిగి తిరిగి వస్తుంది కాబట్టి, అది చూపే ఎత్తు ఉపరితలానిది కాదు, దాని కింద ఎక్కడో ఉన్న పొరది. 2012 జులైలో గ్రీన్‌లాండ్ ఉపరితలం దాదాపు మొత్తం కొద్ది రోజులపాటు కరిగింది. ఆ తడి మళ్లీ గడ్డకట్టి అద్దంలాంటి పొర ఏర్పడేసరికి, అంతకుముందు లోపలికి దిగుతున్న తరంగం ఇప్పుడు పైనుంచే తిరిగి రావడం మొదలైంది. ఫలితంగా మంచు ఫలకం లోపలి భాగంలో ఒకచోట ఎత్తు అర మీటరుకు పైగా పెరిగినట్టు క్రయోశాట్-2 లెక్కల్లో కనిపించింది. మంచు కరిగిన సందర్భంలో మంచు పెరిగినట్టు చూపించిన కొలత ఇది. అక్కడ మకాం వేసిన పరిశోధకులు తవ్విన గోతులతో పోల్చి చూశాకగాని సంగతి తేలలేదు.

రెండో రకం లేజర్. ఇది మంచు పైనుంచే తిరిగి వస్తుంది. నాసా 2003 జనవరిలో పంపిన ఐస్‌శాట్‌లోని మొదటి లేజర్ కొద్ది వారాలకే చెడిపోవడంతో, మిగిలిన రెండింటినీ పొదుపుగా ఏడాదికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నెల రోజులకు కాస్త అటూ ఇటూగా మాత్రమే వెలిగించి 2009 దాకా నెట్టుకొచ్చారు. 2018 సెప్టెంబరులో వెళ్లిన ఐస్‌శాట్-2 ఆకుపచ్చ కాంతిని సెకనుకు పదివేలసార్లు ఆరు కిరణాలుగా చిమ్ముతూ, తిరిగి వచ్చే కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఇక బెంచిమార్కు విషయానికి వస్తే, ఉపగ్రహం తన ఎత్తును భూకేంద్రం నుంచి లెక్కగట్టుకుంటుంది. నేల మీద మనం రాయి మీద గుర్తు గీసి మరుసటి ఏడాది దాని దగ్గరికే వెళ్లి సరిచూసుకున్నట్టు దానికి కుదరదు. అందుకే ఒక విడత కొలతకూ మరో విడత కొలతకూ మధ్య పరికరం సొంత తేడా కొన్ని సెంటీమీటర్లు దొర్లితే, దాన్ని కనిపెట్టడానికి మారనిది అనుకునే చోటు మరొకటి వెతుక్కోవాలి.

ఇక్కడే 2015 నాటి వివాదం వచ్చింది. నాసా గొడార్డ్ కేంద్రానికి చెందిన జే జ్వాలీ బృందం ఐస్‌శాట్ కొలతల ఆధారంగా, 2003 నుంచి 2008 వరకు అంటార్కిటికా ఏటా 82 గిగాటన్నుల చొప్పున మంచును కూడగట్టుకుందని ప్రకటించింది. పడమటి భాగంలో, ద్వీపకల్పంలో నష్టం జరుగుతోందని ఆ పత్రమూ ఒప్పుకుంది. లాభమంతా తూర్పు అంటార్కిటికా ఎత్తు ఏటా సగటున 1.7 సెంటీమీటర్లు పెరగడంలో ఉంది. ఆ పెరుగుదల ఈ మధ్య కురిసిన మంచు వల్ల కాదని, పదివేల ఏళ్ల కిందట హిమయుగం ముగిశాక హిమపాతం ఎక్కువై అది నేటికీ కొనసాగుతున్నందువల్లనని వారి వాదన. అందుచేత చేరిన ఎత్తును కొత్త మంచు సాంద్రతతో కాక గట్టి మంచు సాంద్రతతో గుణించారు.

కాగితం మీద ఉజ్జాయింపుగా వేసి చూస్తే దీని బలమెంతో తెలుస్తుంది. తూర్పు అంటార్కిటికా సుమారు కోటి చదరపు కిలోమీటర్లు అనుకుంటే, 1.7 సెంటీమీటర్ల ఎత్తు 170 ఘన కిలోమీటర్లు. అదంతా గట్టి మంచైతే 150 గిగాటన్నులు దాటుతుంది, ఇటీవలి మంచైతే 60 దగ్గర ఆగుతుంది. సాంద్రత ఎంపికలో వచ్చే ఈ తొంభై పైచిలుకు గిగాటన్నుల తేడా, వారు ప్రకటించిన మొత్తం లాభం కన్నా ఎక్కువ. జోర్గె నియమం ప్రకారం, ఫిర్న్ వరుస మారకుండా ఉంటే ఎత్తులో ప్రతి మార్పూ గట్టి మంచు లెక్కకే వస్తుంది. కురిసే తీరు ఈ మధ్యనే మారి ఉంటే ఆ నియమం చెల్లదు. దాన్ని పక్కనపెట్టినా, ఆ 1.7 సెంటీమీటర్లలో లేజర్ విడతల మధ్య తేడా ఎంత కలిసిందన్న ప్రశ్న మిగిలే ఉంది. దాన్ని సరిచేయడానికి జ్వాలీ బృందం సముద్రపు మంచు చీలికల్లో కనిపించే నీటిమట్టాన్ని బెంచిమార్కుగా వాడింది. మరికొందరు తూర్పు అంటార్కిటికా మంచు అడుగున ఉన్న వోస్తోక్ సరస్సు మీది చదునైన మంచుపై జీపీఎస్‌తో ఏళ్ల తరబడి తీసిన కొలతలను చూపి, అక్కడ ఎత్తు దాదాపుగా మారలేదని ఎత్తిచూపారు. లెవెల్స్ తీసినవాడిగా నా మొగ్గు రెండోవారి వైపే. కదిలే సముద్రం మీద పెట్టిన బెంచిమార్కు కన్నా, వరుసగా సరిచూసుకున్న మంచు మైదానం నయమనిపిస్తుంది.

బరువును నేరుగా చూసే ఉపాయం 2002 మార్చిలో గ్రేస్ జంట ఉపగ్రహాలతో వచ్చింది. అవి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగేవి. కింద ఎక్కువ బరువున్న చోటికి చేరగానే ముందున్నది దాని ఆకర్షణకు లోనై ఒక్కింత ముందుకు లాగబడుతుంది, కొద్దిసేపటికి వెనకది. ఈ ఎడంలో వచ్చే మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడాను పసిగట్టి, నెలనెలా భూమి మీద బరువు ఎక్కడ చేరింది, ఎక్కడ తగ్గింది అన్న పటం గీసేవారు. 2017లో అవి ఆగిపోయాక, 2018 మేలో గ్రేస్-ఎఫ్‌వో జంట ఆ పని అందుకుంది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో బోర్లు తోడేసిన భూగర్భజలం ఎంతో 2009లో బయటపెట్టిందీ ఈ గ్రేసే. ఎత్తుతోనూ సాంద్రతతోనూ దానికి పనిలేదు, ఫిర్న్ గొడవ దానికి అంటదు.

దాని గొడవ మరొకటి. హిమయుగంలో ఇంకా మందంగా ఉన్న మంచు బరువు తగ్గాక, అణిగిన నేల వేల ఏళ్లుగా నెమ్మదిగా పైకి లేస్తూనే ఉంది. దాని కోసం అడుగున చేరే శిలాద్రవ్యం బరువు మంచుకు మూడు రెట్లకు పైమాటే. తూర్పు అంటార్కిటికా అంతటా నేల ఏటా ఒకే ఒక్క మిల్లీమీటరు లేచిందనుకున్నా, ముప్పై గిగాటన్నులకు పైగా బరువు చేరినట్టు గ్రేస్ చూపిస్తుంది. అది మంచు కాదు, రాయి. నేల ఎంత లేస్తోందో తెలియాలంటే రాతి మీద జీపీఎస్ పెట్టాలి, అక్కడ రాయి బయటపడిన చోట్లే తక్కువ. పడమటి అంటార్కిటికాలో అముండ్‌సెన్ సముద్రం ఒడ్డున అలా పెట్టిన పరికరాలు, నేల ఏటా 41 మిల్లీమీటర్ల దాకా లేస్తోందని 2018లో తేల్చాయి. ఎవరూ అంత ఊహించలేదు. పైకి లేచే నేల బరువు పోయిన మంచు బరువును కొంత కప్పిపుచ్చింది కాబట్టి, అక్కడి నష్టాన్ని అప్పటిదాకా సుమారు పదో వంతు తక్కువగా లెక్కగట్టినట్టు తేలింది.

టోంగ్జీ వారి అంకెలు గ్రేస్, గ్రేస్-ఎఫ్‌వో కొలతల నుంచి వచ్చినవే. మూడేళ్లలో నేల లేచే వేగం మారిపోదు కనుక, నష్టం లాభంగా తిరగడాన్ని ఆ దోషానికి అంటగట్టలేం. మార్పు నిజమైనదే, దానికి కారణం అసాధారణంగా కురిసిన మంచు. 2022 మార్చిలో సముద్రం నుంచి తేమను మోసుకొచ్చిన వెచ్చని గాలులు తూర్పు అంటార్కిటికా లోపలి దాకా చొరబడి, కాంకోర్డియా కేంద్రం దగ్గర ఉష్ణోగ్రతను సాధారణం కన్నా 38 డిగ్రీలకు పైగా పెంచాయి. వెచ్చని గాలి ఎక్కువ తేమను మోస్తుంది, అది అక్కడ మంచుగానే కురుస్తుంది. అంతకుముందు దశాబ్దంలో నష్టం పెరుగుతూ వచ్చిన, తూర్పు అంటార్కిటికాలోని టోటెన్, డెన్‌మన్ హిమానీనదాల ప్రాంతాలు కూడా ఈ కాలంలో కొంత కోలుకున్నాయి. అంటే పెరిగింది రాబడి. ఖర్చు తగ్గిందని ఆ బరువు పటం చెప్పదు, చెప్పలేదు కూడా. సుమారు మూడు వందల కిలోమీటర్ల కన్నా సన్నని వివరం దానికి ఆనదు.

ఖర్చును విడిగా చూడాలంటే మూడో దారి ఉంది. హిమానీనదం నేలను వదిలి సముద్రం మీద తేలడం మొదలయ్యే గీత దగ్గర దాని మందం, వెడల్పు, వేగం తెలిస్తే, ఏటా ఎంత మంచు దాటిపోతోందో గుణించవచ్చు. కాలువలో ప్రవాహం లెక్కగట్టే పద్ధతే ఇది, నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేదీ ఇదే. వేగాన్ని రాడార్ చిత్రాల జంటల నుంచి తీస్తారు. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావ్న్ హిమానీనదం 2012 వేసవిలో ఏడాదికి 17 కిలోమీటర్ల వేగాన్ని, అంటే రోజుకు 46 మీటర్లను అందుకుంది. 2016 నుంచి దాని ముందున్న సముద్రపు నీరు కొంత చల్లబడేసరికి నెమ్మదించి, ముఖం దగ్గర మందం పెరిగింది కూడా. అప్పుడూ ‘గ్రీన్‌లాండ్ మంచు పెరుగుతోంది’ అని వార్తలు వచ్చాయి. ఒక హిమానీనదపు ముఖం దగ్గర ఎత్తు పెరగడం వేరు, గ్రీన్‌లాండ్ మొత్తం లెక్క వేరు. 2019లో ఆ మంచు ఫలకం 532 గిగాటన్నులు కోల్పోయింది.

మూడు పద్ధతులనూ నడిపే బృందాలు ఎవరి అంకె వారు చెప్పుకునే స్థితి పోయి, ఇంబీ అనే ఉమ్మడి ప్రయత్నం కింద 2012 నుంచి ఒకే ప్రాంతాలకు, ఒకే కాలానికి లెక్కలు సరిచూసుకుంటున్నారు. 1992 నుంచి 2020 వరకు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కలిసి సుమారు 7,560 గిగాటన్నులు కోల్పోయాయని, సముద్రమట్టం అందువల్ల 21 మిల్లీమీటర్లు పెరిగిందని వారి లెక్క. గ్రీన్‌లాండ్ విషయంలో, పడమటి అంటార్కిటికా విషయంలో మూడు పద్ధతులూ చక్కగా కలుస్తాయి. తూర్పు అంటార్కిటికా దగ్గరే తేలదు. 1992 నుంచి 2017 వరకు అక్కడ ఏటా 5 గిగాటన్నుల లాభమని 2018లో ప్రకటించారు, దాని పక్కన రాసిన దోషపరిమితి అటూ ఇటూ 46. మా శాఖలో ఇలాంటి లెవెల్ బుక్కు తెస్తే పై అధికారి మళ్లీ తీసుకురమ్మని వెనక్కి పంపేవాడు. ఇక్కడ దాన్ని దాచకుండా రాయడమే నాకు నచ్చింది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఈ మూడో దారికి పెద్ద ఆసరా. నాసా, ఇస్రో కలిసి చేసిన ఈ ఉపగ్రహం పన్నెండు రోజులకొకసారి అదే చోటును తిరిగి చూస్తుంది. అంటార్కిటికాను వీలైనంత లోపలి దాకా చూడటం కోసం దాని రాడార్‌ను ఎప్పుడూ ఎడమ వైపే చూసేలా ఉంచాలని నిర్ణయించారు. మంచు వేగం, తేలే గీత జరగడం దీనితో ఇదివరకటి కన్నా తరచుగా తెలుస్తాయి. మందం మాత్రం నైసార్ చెప్పలేదు. దానికి విమానాలు తక్కువ ఎత్తున ఎగురుతూ మంచు అడుగుదాకా దిగే రాడార్‌తో గీతలు గీతలుగా కొలవాలి. నాసా 2009 నుంచి 2019 వరకు ఐస్‌బ్రిడ్జ్ పేరుతో చేసిన పని అదే. ఆ గీతల మధ్య ఖాళీలు ఇంకా చాలా ఉన్నాయి. డెన్‌మన్ హిమానీనదం కింది లోయ మరీ ఇరుకు, మరీ లోతు కావడంతో అడుగు నుంచి రాడార్‌కు సరైన జవాబు రాలేదు. ఎగువ నుంచి వచ్చే మంచూ దిగువకు పోయే మంచూ సరిపోవాలంటే లోయ ఎంత లోతుండాలి అని వెనక్కి లెక్కవేస్తే, అది సముద్రమట్టానికి 3,500 మీటర్లు దిగువన ఉందని 2019లో తేలింది. భూమి మీద, సముద్రం కింద కాకుండా, అంతకన్నా లోతైన లోయ తెలియదు. అక్కడ వేగాన్ని ఎంత కచ్చితంగా కొలిచినా, గుణించాల్సిన లోతు మాత్రం ఇలా లెక్కలోంచి వచ్చినదే.